రెండు శాతం ధర్మం

వనపర్తి బస్టాండు బయట జొన్నరొట్టెలు చేసి అమ్మే మల్లమ్మకు ఎవరి మీదనైనా చిన్నచూపు కలిగితే తిట్టదు. మెచ్చుకుంటుంది. ఒకసారి లెక్కల సారొకాయన రొట్టె మాడిందని గొణుక్కుంటూనే మాడిన ముక్కతో సహా తినేసి, ఇంకింత పచ్చడి వేయమని ఆకు ముందుకు జరిపాడు. మల్లమ్మ పచ్చడి వేసి, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినిపించేటట్టు, "మా సారు ఎంత మంచోడు, మాడింది గూడ ఇడ్వలే. తిండి ఇలువ తెల్సినోడు" అన్నది. సారు చానా రోజులు ఆ దిక్కు రాలేదు.

ఆమె పెనిమిటి సాయన్నకు ఈ సంగతి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. అందుకే, "నన్ను మెచ్చుకోకు, ఉన్నదేదో మొకం మీద తిట్టు" అని ముందే మాట తీసుకున్నాడు.

మల్లమ్మ పుట్టింది శ్రీరంగాపూర్ దగ్గర, పల్లికాయ పండించే ఇంట్లో. చిన్నప్పుడు నాయినతో కలిసి బస్తాల బండెక్కి మార్కెట్టుకు పోయేది. అక్కడ ఒక కమీషన్ సేటు కాంటా పెట్టి, ధర కట్టి, హమాలీ కోసి, తరుగు కోసి, ఆఖరుకు 'ధర్మం' అని ఇంకొంత కోసేవాడు. మిగతా కోతలు ఆమెకు అర్థమయ్యేవి. బస్తా మోసినవాడికి కూలి, మట్టిబెడ్డకు తరుగు. ధర్మం ఒక్కటే అర్థం కాలేదు.

"నాయినా, ధర్మం ఎవరికి?"

"దేవునికి."

"ఏ దేవునికి?"

నాయిన మిర్చి బజ్జీ కొనిచ్చాడు. తరువాత కొన్నేండ్ల పాటు మల్లమ్మ ఏ గుడి కనిపించినా ఇది మా పల్లికాయల గుడేనా అని చూసేది. శ్రీరంగాపూర్ చెరువొడ్డున రంగనాయకస్వామి గోపురం చూసి, ఇదే అయ్యుంటదని సంబరపడింది. "అది రాజులు కట్టిచ్చిన్రే పిచ్చిదానా" అని నాయిన నవ్వాడు. మరి పల్లికాయల దేవుడు ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. కమీషన్ సేటు ఇల్లు మాత్రం మీదికి మీదికి లేచింది.

పెళ్లయ్యాక సాయన్న చేనులో బోరు ఎండింది. మొగుడూపెండ్లాలు పుణె దిక్కు కట్టడాల పనికి పోయారు. అక్కడ మేస్త్రి కింద ఉన్న పాలమూరోళ్లందరికీ రొట్టెలు కొట్టిపెట్టే పని మల్లమ్మ మీద పడింది. తట్ట మోసే కంటే అదే మేలనిపించింది. తిరిగొచ్చి బస్టాండు బయట బండి పెట్టింది. ఉడుకు నీళ్లు పోసి పిండి పిసికి, పీట మీద అరచేత్తో కొట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లద్దితే రొట్టె పూరీలాగ పొంగుతుంది. గద్వాల బస్సు డ్రైవర్లు, నాగర్‌కర్నూల్ బస్సు కండక్టర్లు ఆమె బండి దగ్గర తిన్నాకే సీటెక్కుతారు.

బిడ్డ శైలజ డిగ్రీ చదివేటప్పుడు బండికి ఒక స్కానర్ అట్ట, పైసలు పడ్డయని చెప్పే డబ్బా తెచ్చి తగిలించింది. అప్పటినుంచి అయిదు రూపాయల పచ్చడి పైసలు కూడా ఫోన్ల మీదనే వస్తాయి. మల్లమ్మ చేతిలో మాత్రం ఇప్పటికీ బటన్ల ఫోనే. బ్యాంకులో పడ్డ పైసలు తీయడానికి ఆమెకు దిక్కు ఒక్క కార్డే. దాన్ని చిన్న గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసుకుంటుంది. దాని పిన్ నంబరు కన్నబిడ్డకు కూడా చెప్పలేదు.

డిగ్రీ అయ్యాక శైలజకు, రోడ్డుకు అటువైపున్న శివశంకర్ సేటు దుకాణంలో పని దొరికింది. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, మిక్సీలు అమ్మే పెద్ద దుకాణం. బిల్లు కొట్టే కంప్యూటర్ ముందు ఆమెకొక చక్రాల కుర్చీ. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఆ కుర్చీ ఎట్లా తిరుగుతుందో కూర్చోకుండానే తిరిగి చూపించింది. మల్లమ్మ లోపల పొంగిపోయింది. బయటికి మాత్రం "పడకుండ గూసో" అన్నది.

కొన్నాళ్లకు శైలజ అన్నం తింటూ, "కార్డు గీకినోళ్ల దగ్గర నూటికి రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటం అమ్మా" అన్నది.

"ఎందుకు?"

"మెషినోళ్లు తీసుకుంటరని సేటు చెప్తడు."

"ఇస్తున్నరా అందరు?"

"సప్పుడు జేయకుండ ఇస్తరు. మొన్న నీ లెక్కల సారు గూడ ఇచ్చిండు."

మల్లమ్మ చేతిలో ముద్ద ఆగింది. తన బండి దగ్గర అయిదు రూపాయల పచ్చడికి పదినిమిషాలు కొట్లాడే మనిషి, అద్దాల తలుపు లోపలికి పోంగనే నోట్లో నాలుక లేనట్టు వందలకు వందలు ఇచ్చి వస్తున్నాడు. రొట్టెలామె ముందర లేచే మెడ చల్లగాలి మిషను కింద వంగుతుంది. చదువుకున్నవాళ్ల లెక్క ఎప్పుడూ ఇట్లనే ఉంటదని ఆమెకు నవ్వొచ్చింది.

మెషిన్‌కు కాగితం చుట్ట మార్చడానికి ప్రదీప్ అని ఒక పిల్లగాడు వస్తుంటాడు, కార్డు మెషిన్ల కంపెనీ తరపున. అతనే ఒకరోజు శైలజ ముందర సేటుకు చెప్పాడు.

"సార్, డెబిట్ కార్డు మీద గిరాకీ దగ్గర ఎక్కువ తీసుకోవద్దు. రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. రూపే కార్డుకైతే మేము మీ దగ్గర గూడ రూపాయి తీసుకుంటలేం. ఎవరన్న కంప్లైంట్ ఇస్తే మెషిన్ గుంజుకపోతరు."

"అందరు తీసుకుంటున్నరు గదయ్యా" అన్నాడు శివశంకర్.

"తీసుకుంటున్నరు సార్. గందుకే చెప్పిపోతున్న" అని ప్రదీప్ చుట్ట మార్చి, చాయ్ తాగి పోయాడు. రూలు అట్లా వచ్చి, అట్లా చాయ్ తాగి పోయింది.

రూపాయి ఖర్చులేని కార్డుకు ఖర్చు పేరు చెప్పి తీసుకుంటున్నాడన్నమాట సేటు. అయినా చేతికి అలవాటైన రెండు శాతాన్ని వదులుకోవడం ఎట్లా? రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. తెల్లారి శైలజను పిలిచి, బిల్లులో 'కార్డు చార్జి' అన్న మాట తీసేసి 'ధర్మం' అని పెట్టమన్నాడు. శివశంకర్ తండ్రి, తాత పల్లికాయల కమీషన్ చేసినవాళ్లు. ఆ మాట వాళ్లింట్లో దొరికేదే.

శైలజ ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్తే అమ్మ మెచ్చుకుంటదని భయం.

ఎండాకాలం నెత్తిమీదికొచ్చేసరికి మల్లమ్మకు పిండితో తిప్పలు మొదలైనయి. ఊర్లో పిండి పట్టే గిర్నీవాడు గోధుమలు పట్టిన రాయి మీదనే జొన్నలు పడతాడు. ఆ పిండితో రొట్టె అంచులు పగులుతాయి. కరెంటు పోతే పిండే ఉండదు. ఇంట్లో పెట్టుకునే చిన్న గిర్ని కొంటే ఎవరి మొకం చూడనక్కర్లేదనుకుంది. బిడ్డ పనిచేసే దుకాణం ఉండగా వేరే దుకాణం ఎందుకని కొంగు సవరించుకొని రోడ్డు దాటింది.

గిర్ని మంచిగనే ఉంది. బేరం కూడా కుదిరింది. మెడలో సంచి విప్పి కార్డు తీసింది. శైలజ కంప్యూటర్ వైపే చూస్తూ గొంతు తగ్గించింది.

"అమ్మా, కార్డయితే ధర్మం కలుస్తది."

"ఏం కలుస్తది?"

"ధర్మం. రెండు శాతం."

మల్లమ్మకు కాంటా చప్పుడు, బస్తాల దుమ్ము, నాయిన కొనిచ్చిన మిర్చి ఘాటు అన్నీ ఒక్కసారే మీద పడ్డట్టయింది.

"ఏ దేవునికి బిడ్డా?"

శైలజ సేటు వైపు చూసింది. శివశంకర్ నవ్వు మొకం పెట్టి దగ్గరికొచ్చాడు. "దేవునికే మల్లక్కా. దేవునికి కాక ఇంకెవరికి."

"అదే సేటూ. ఏ దేవునికని చెప్తే మనసుల దండం వెట్టుకుంట."

దుకాణంలో ఇంకో రెండు కుటుంబాలు ఫ్రిజ్‌ల తలుపులు తీసి చూస్తున్నాయి. వాళ్లు తలుపులు మూసి ఇటు చూశారు. శివశంకర్ కళ్లు గోడ మీద తిరిగి, క్యాలెండరు మీద ఆగినయి. గద పట్టుకున్న ఆంజనేయస్వామి.

"బీచుపల్లి అంజన్నకు" అనేశాడు.

మల్లమ్మ బిడ్డకు వీపు తిప్పి నంబరు కొట్టింది. బిల్లు తీసుకొని కళ్లకద్దుకుంది.

"సేటూ, చిన్నప్పటి సంది అడుగుతున్న ఈ మాట. మా నాయిన చెప్పలే. మార్కెట్ల సేటు చెప్పలే. ఇన్నొద్దులకు నువ్వొక్కనివి దేవుని పేరు జెప్పినవ్. నువ్వు మామూలు మనిషివి గాదు."

శివశంకర్ చేతులు జోడించాడు. శైలజ మొకం మాత్రం పాలిపోయింది. అమ్మ మెచ్చుకున్నది.

ఆ సాయంత్రం గద్వాల బస్సు డ్రైవర్ రొట్టె తుంచుతుంటే మల్లమ్మ మెల్లగ అన్నది, "అన్నా, మన శివశంకర్ సేటు బీచుపల్లిల అన్నదానం వెడ్తుండు. కార్డు గీకినోళ్ల దగ్గర రెండు శాతం అంజన్న పేరు మీద జమ చేస్తుండంట. ఎంత భక్తి సూడు."

"ఎప్పుడంట?"

"నాకేం తెల్సు. సేటునే అడుగున్రి."

బస్సు బీచుపల్లి మీదుగానే గద్వాల పోతుంది. మాట కూడా టికెట్టు లేకుండా పోయింది. నాగర్‌కర్నూల్ దిక్కు కండక్టర్ తీసుకపోయాడు. వారం తిరిగేలోపే శివశంకర్ దుకాణానికి సామాను కొనని మనుషులు రావడం మొదలైంది. గద్వాల నుంచి ఒక భజన గుంపు పెద్దమనిషి వచ్చి, పాటలు ఉత్తగనే పాడుతాం, జీపు కిరాయి ఇస్తే చాలన్నాడు. నాగర్‌కర్నూల్ ముసలాయన ఒకరు అన్నదానం రోజు పులిహోర ఉంటదా, పప్పన్నమేనా అని తెలుసుకొని పోదామని వచ్చాడు. శివశంకర్ అందరికీ నవ్వి, "చూద్దాం, చూద్దాం" అన్నాడు.

లెక్కల సారు వచ్చినరోజు మాత్రం నవ్వు అతకలేదు. ఆయన చేతిలో నిరుడు కొన్న ఫ్రిజ్ బిల్లు ఉంది.

"సేటూ, ఇందులో గూడ రెండు శాతం తీసుకున్నరు. పేరు కార్డు చార్జి అని ఉంది. ఇది అంజన్నకే పోయిందా? పోతే నా పేరు గూడ చదివిస్తరా అన్నదానం రోజు?"

ప్రదీప్ అదే సమయంలో కాగితం చుట్ట మారుస్తున్నాడు. తల ఎత్తలేదు గాని చేతులు నెమ్మదించినయి. కాదు, అది కార్డు చార్జే అంటే, తీసుకోవద్దన్నది తీసుకున్నానని మెషిన్ మనిషి ముందరే ఒప్పుకున్నట్టు. అవును, అంజన్నకే అంటే, ఇన్నేండ్ల రెండు శాతాలన్నీ బీచుపల్లికి పోవాలి. శివశంకర్‌కు నుదుటి మీద చెమట పట్టింది, అంత చల్లగాలిలో.

"అంతా స్వామిదే సారూ" అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం దుకాణం మూసేముందు శైలజను పిలిచాడు. "మీ అమ్మకు చెప్పు. నోరు మూసుకుంటే నువ్వుంటవ్. లేకుంటే నెల కాంగనే లెక్క చూసుకొని పో."

శైలజ రోడ్డు దాటి బండి దగ్గరికొచ్చింది. ఏడ్వలేదు. అమ్మ ఎదురుగా నిలబడింది.

"నీకు నవ్వులాట అయింది. నాకు పని పోతుంది."

"పోతే పోనీ. గా పనేందే, మనుషుల దగ్గర దొంగ ధర్మం అడ్గుడు?"

"అడిగేది నేను గాదు. నేను బిల్లు కొడ్త. నాకు కుర్చీ ఉన్నది, కంప్యూటర్ ఉన్నది. పొగ లేదు." శైలజ ఆగి, పొయ్యి వైపు చూసి, మెల్లగ అన్నది. "ఈ పొయ్యి కాడ కూసోవద్దనే గదా నువ్వు నన్ను చదివిచ్చింది."

మల్లమ్మ పెనం మీద రొట్టె మాడుతుంటే కూడా చూడలేదు. సేటును నవ్వులపాలు చేద్దామని విసిరిన మాట సేటు పక్కన కుర్చీలో కూర్చున్న బిడ్డకు పోయి తగిలింది. ఆ కుర్చీ ఆమెకు అప్పుడు కనిపించింది.

ఇంటికి పోయాక సాయన్న కొత్త గిర్నీలో జొన్నలు పోస్తూ, "ఏంది, ఇయ్యాల ఎవరిని మెచ్చుకుంటలేవు?" అన్నాడు. మల్లమ్మ గిర్ని తిరుగుతున్నంతసేపు పిండిలో వేళ్లు పెట్టి సన్నగ వచ్చిందా లేదా చూస్తూ కూర్చుంది. నోరు మూసుకుంటే సరిపోతదా? సరిపోదు. ఊరి నోరు ఆమె మూయలేదు. ఊరు అడిగినప్పుడల్లా సేటుకు శైలజ మొకమే గుర్తొస్తది. నెలకు కాకపోతే రెండు నెలలకు పొమ్మంటాడు. ఇప్పుడు వెనకకు పోయే దారి లేదు. ముందుకు పోవాలి. అంటే ఇంకా మెచ్చుకోవాలి.

తెల్లారి దుకాణం తెరిచేసరికి మల్లమ్మ మెట్ల మీద ఉంది.

"సేటూ, శనివారం స్వామికి మంచి రోజు. రొట్టెలు నావి. పిండి నీ కాడ కొన్న గిర్నీలనే పట్టిస్త. పప్పు, అన్నం నువ్వు సూస్కో."

శివశంకర్ పళ్లు బిగబట్టి అన్నాడు. "మల్లక్కా, నీకేమన్న పిచ్చా? నేను అన్నదానం అన్ననా ఎప్పుడన్న?"

"నువ్వు అనలే. అంజన్న పేరు అన్నవ్. అంజన్న పేరు మీద తీసుకున్నది ఇంట్ల వెట్టుకునే ధైర్యం నాకైతే లేదు. నీకున్నదా?"

శివశంకర్ క్యాలెండరు వైపు చూశాడు. ఈ ప్రాంతంలో రిజర్వు బ్యాంకు రూలును దాటని దుకాణదారుడు అరుదు. అంజన్న రూలును దాటేవాడు ఇంకా పుట్టలేదు. బ్యాంకు కాగితం పంపుతుంది, అంజన్న కలలోకి వస్తాడు.

"శనివారమే" అన్నాడు.

బీచుపల్లి దగ్గర కృష్ణ సన్నగ పారుతుంది ఆ కాలంలో. పైన హైవే మీద లారీలు ఆగకుండా పోతుంటాయి. గుడికి కొంచెం ఎడంగా టెంటు వేశారు. గద్వాల భజన గుంపు జీపు కిరాయి వసూలు చేసుకొనే వచ్చి, గొంతు పగిలేటట్టు పాడింది. మల్లమ్మ తెల్లారగట్ల లేచి కొట్టిన రొట్టెలు గంపల్లో గుడ్డ కప్పి దింపింది. కార్డు గీకినవాళ్లు, గీకనివాళ్లు, అసలు కార్డంటే ఏందో తెల్వనివాళ్లు అందరూ వరుసలుగా కూర్చున్నారు. లెక్కల సారు మొదటి వరుసలోనే ఉన్నాడు.

శివశంకర్ తెల్లటి బట్టల్లో గరిటె పట్టుకొని నిలబడ్డాడు. ఎవరో నాలుగు మాటలు చెప్పమంటే మొకమాటపడ్డాడు. మల్లమ్మ రొట్టెల గంప కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని ముందుకొచ్చింది.

"సేటు చెప్పుకోడు, నేనే చెప్త. కార్డు గీకితే ఎక్కువ తీసుకునుడు తప్పని బ్యాంకోళ్ల రూలున్నది. మా సేటుకు ఆ సంగతి అందరి కంటే ముందుగాల తెల్సు. తెల్సినోడు తనకోసమైతే తీసుకుంటడా? తీసుకోడు. గందుకే స్వామికని తీసుకున్నడు. మొత్తం తెచ్చి ఈడ వెట్టిండు. పోయిన ఏండ్లది గూడ వెట్టిండు."

జనం మెచ్చుకోలుగా తలలాడించారు. శివశంకర్ గరిటె మీద చెయ్యి గట్టిగా బిగించాడు.

"స్వామి పైస ముట్టుకున్న చెయ్యి నా బిడ్డది" అని మల్లమ్మ శైలజను ముందుకు లాగింది. "అసువంటి కుర్చీల కూసోవెట్టిండు సేటు దీన్ని. రేపొద్దుగాల దీన్ని పని మాన్పిస్తే, స్వామి లెక్క దాచేటందుకే మాన్పిచ్చిండని లోకం అనదా? గసువంటి మాట మా సేటు పడ్తడా? ఏం సేటూ, పొమ్మంటవా నా బిడ్డను?"

కూర్చున్నవాళ్లందరూ తలలెత్తి సేటును చూశారు. లారీ హారన్ ఒకటి పోయేదాకా ఆగి శివశంకర్ అన్నాడు, "నేనెందుకు పొమ్మంట మల్లక్కా. శైలజ మా ఇంటి పిల్ల."

"అందరు ఇన్నరు గదా" అని మల్లమ్మ మళ్లీ గంప ఎత్తుకుంది. శైలజ తల దించుకొనే ఉంది గాని, పెదాల కొసలు ఆగడం లేదు.

లెక్కల సారు ఇంకింత పచ్చడి అడిగాడు. స్వామి పచ్చడి కాబట్టి మల్లమ్మ రెండుసార్లు వేసింది.

ఆ వారంలోనే బిల్లులో ధర్మం అన్న గీత లేకుండా పోయింది. లెక్కల సారు ఈసారి ఒక ఫ్యాన్ కొని కార్డిచ్చి, అలవాటు కొద్దీ నిలబడ్డాడు.

"రెండు శాతం?"

"లేదు సార్" అన్నది శైలజ.

సారుకు నమ్మకం కుదరలేదు. ఏమీ ఎక్కువ తీసుకోకపోతే ఫ్యాన్‌లో ఏదో లోపముందేమోనని ఇంకోసారి తిప్పించి చూసుకొని పోయాడు.

కొన్నిరోజుల తరువాత, పొద్దుగాల పొయ్యి ముట్టించి తలెత్తిన మల్లమ్మకు ఎదురుగా అద్దాల తలుపు మీద కొత్త బోర్డు కనిపించింది. ఆమె చదువు బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నది. పెదాలు కదిలిస్తూ కూడబలుక్కుంది. 'అన్ని వస్తువులపై కొత్త ధరలు. నగదు ఇచ్చిన వారికి రెండు శాతం తగ్గింపు.'

అంటే ధర మీద రెండు శాతం పెంచి, చేతికి పైసలిచ్చినవాడికి అదే తగ్గిస్తున్నాడు. కార్డువాడు పాత లెక్కనే రెండు శాతం ఎక్కువ ఇచ్చుకుంటాడు. బిల్లులో చార్జి లేదు, ధర్మం లేదు, రూలుకు చిక్కేది ఏదీ లేదు. సేటు అన్నదానం ఖర్చు వడ్డీతో సహా రాబట్టుకునేటట్టే ఉన్నాడు. మల్లమ్మకు నోటి దాకా మెచ్చుకోలు వచ్చింది. గద్వాల బస్సు డ్రైవర్ అప్పుడే ఆకు తీసుకొని ముందర కూర్చున్నాడు కూడా.

ఆమె బోర్డును ఇంకోసారి చూసింది. అక్షరాలు గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి దారం పట్టి పేర్చినట్టున్నయి. శైలజ చిన్నప్పటి నుంచి అట్లనే రాస్తుంది. అద్దం లోపల బిడ్డ చక్రాల కుర్చీలో అటు తిరిగి, ఇటు తిరిగి, కంప్యూటర్ మీదికి వంగింది.

"ఏందక్కా, గా బోర్డు?" అన్నాడు డ్రైవర్.

మల్లమ్మ రొట్టె తిప్పేసింది.

"ఏమో అన్నా. రాత మాత్రం మంచిగున్నది."